ముల్లంగి గింజ: మందూ, వంటా

ముల్లంగి గడ్డను గురించి మన పాఠకులకు క్రొత్తగా చెప్పవలసినది లేదు. తమిళదేశంలో స్థిరపడిన మన కుటుంబాలకు ముల్లంగి సాంబారు యింటి వంటే అయిపోయింది. కన్నడదేశంలో వున్నవారు మూలంగి అనీ, మహారాష్ట్రంలోనూ ఒడిశాలోనూ వున్నవారు ముళా అనీ అడిగి కొనుక్కుంటారు. గడ్డ తింటాము, లేత ఆకు పప్పులో వేసుకుంటాము. దాని గింజ సంగతి మాత్రం మనలో చాలమందికి పట్టదు. గింజ కట్టేదాకా ముల్లంగిని వుంచేవారే అరుదు. పూకాడ లేచిందంటే గడ్డ బెండుబారిందని పీకి పారవేస్తారు. మేము చెప్పదలచినదల్లా ఆ పీకి పారవేసే మొక్కను గురించే.

ఆవాలు, కాబేజీ, ముల్లంగి ఒకే కుటుంబానికి చెందినవి. ముల్లంగి గింజ ఆవగింజ కంటె పెద్దది. ఎరుపు కలిసిన గోధుమరంగులో, అంత గుండ్రంగా కాక కొంచెం నొక్కుకొని వుంటుంది. వట్టిగా నోట వేసుకుంటే మొదట ఏమీ తెలియదు. నమిలిన కాసేపటికి ఘాటు ముక్కుకెక్కుతుంది. ఆవ నూరిన చేతికి ఈ రహస్యం తెలిసినదే. ఆవాలు పొడిగా వున్నంతసేపు పెద్ద ఘాటు వుండదు. నీళ్లు చిలకరించి నూరితేనే కళ్లు చెమరుస్తాయి. కుతకుత వుడుకుతున్న కూరలో ఆ ముద్ద వేస్తే ఘాటు పోయి చేదు మిగులుతుంది. అందుకే కూర దించి, కాస్త ఆరిన తరువాత ఆవ పెట్టమని పెద్దవాళ్లు నేర్పారు.

ముల్లంగి గింజలోనూ జరిగేది అదే. గంధకం కలిసిన పదార్థం ఒకచోట, దానిని విడగొట్టే ఎంజైము మరొకచోట, గింజలో వేరువేరుగా వుంటవి. గింజ నలిగి తడి తగలగానే అవి రెండూ కలుసుకొని సల్ఫొరఫీన్ అనే ఘాటు పదార్థం పుడుతుంది. గింజను ముందే బాగా వేయిస్తే ఎంజైము పని చేయదు, ఘాటు తగ్గి కమ్మదనం వస్తుంది. కాబట్టి పచ్చిగింజ, వేయించిన గింజ వంటకే కాదు, వైద్యానికి కూడా ఒకటి కావు.

వైద్యంలో ఈ గింజకు పాత చరిత్రే వున్నది. మన ఆయుర్వేదంలో ముల్లంగి మూలకం. లేతది మూడు దోషాలనూ శమింపజేస్తుందనీ, ముదిరినది వాటిని రేపుతుందనీ చరకుని మాట. గింజను ఉత్తరేణి రసంతో మెత్తగా నూరి శోభి మచ్చలపై పట్టు వేయడం మన వైద్యగ్రంథాలలో వున్న చికిత్స. యునానీ మందుల దుకాణాలలో దీనినే తుఖ్మె తుర్బ్ అంటారు. అందరికంటె ఎక్కువగా వాడుతున్నవారు చీనావారు. తిన్నది అరగక కడుపు ఉబ్బరించినప్పుడూ, కఫం పేరుకొని దగ్గు విడవనప్పుడూ వేయించిన ముల్లంగి గింజను కషాయంలో వేస్తారు. వారి ప్రభుత్వ ఔషధ సంహితలో నేటికీ వున్నది. ముల్లంగి గింజ, తెల్ల ఆవగింజ, పెరిల్లా అనే తులసి జాతి మొక్క గింజ కలిపి కాచే కషాయం ఒకటి వారికి ప్రసిద్ధం. వృద్ధులకు వచ్చే కఫపు దగ్గుకు ఇస్తారు గనుక దాని పేరే ‘మూడు గింజలతో తల్లిదండ్రులను పోషించే కషాయం’. మందుకు ఇంత మంచి పేరు పెట్టిన వైద్యుడెవరో గాని యింటి సంగతులు తెలిసినవాడు. జిన్సెంగు వేరు తినేటప్పుడు మాత్రం ముల్లంగి గింజ తగదని కూడా వారి వైద్యులు హెచ్చరిస్తారు.

పేరు పాతదైనంత మాత్రాన చెప్పినదంతా రుజువైనట్లు కాదు. సల్ఫొరఫీను కొన్ని సూక్ష్మజీవులను అణచుతుందని ప్రయోగశాలలో తేలింది. కాని గాజుపాత్రలో జరిగినది మనిషి కడుపులోనూ జరుగుతుందని చెప్పలేము. ముల్లంగి గింజలు నీళ్లతో మ్రింగితే మూత్రపిండాలలో రాళ్లు కరుగుతాయనీ, కామెర్లు పోతాయనీ, మధుమేహానికి మాత్రలు మానవచ్చుననీ నోటిమాటగా చెప్పుకునేవారు వున్నారు. వీటిని నమ్మి డాక్టరు ఇచ్చిన మందు ఆపడం ప్రాణంతో చెలగాటం. అరుగుదలకు భోజనంలో కొంచెంగా వాడుకోవడం వేరు, మందుగా గుప్పెళ్లకొద్దీ మ్రింగడం వేరు. గర్భిణీ స్త్రీలు గింజను మందుగా తీసుకోరాదు. పిత్తాశయంలో రాళ్లు వున్నవారు, థైరాయిడు జబ్బుకు చికిత్స పొందుతున్నవారు తమ డాక్టరును అడిగిన తరువాతనే ముట్టుకోవాలి.

ఇంతకంటె పెద్ద ప్రమాదం మరొకటి వున్నది. ముల్లంగి గింజ మంచిదని చదవగానే కొందరు తిన్నగా విత్తనాల కొట్టుకు వెళ్లి పొట్లం కొని తెస్తారు. ఆ గింజ తినడానికి ఉద్దేశించినది కాదు. భూమిలో బూజు పట్టి కుళ్లకుండా థైరం, కాప్టాన్ వంటి విషపు మందులు దానికి పట్టించి వుంటారు. గింజ గులాబిరంగుగానో, నీలంగానో, ఆకుపచ్చగానో వున్నదంటే అది మందు రంగే. 1968 నాటి విత్తనాల నిబంధనల ప్రకారం మందు పట్టించిన విత్తనాన్ని ఆహారానికి, దాణాకు, నూనెకు వాడరాదని సంచిమీద ముద్రించాలి. ఆ అక్షరాలు చిన్నవి. చిల్లరగా పొట్లం కట్టి అమ్మితే అవీ కనపడవు. కడిగితే పోతుంది లెమ్మనుకోవడం పొరపాటు. నాలుగుసార్లు కడిగినా పూర్తిగా పోయినట్లు నమ్మకం లేదు. మొలకలు కట్టుకోవడానికి గాని, నూరుకోవడానికి గాని, తినడానికని స్పష్టంగా వ్రాసి అమ్మే గింజనే తేవాలి. లేదా యింట్లోనే పండించుకోవాలి.

యింట్లో పండించడం కష్టం కాదు. పెరడు లేనివారికి మేడమీద నాలుగు లోతైన తొట్లు చాలు. వానలు వెనుకబట్టిన తరువాత, ఆశ్వయుజ కార్తికాలలో విత్తడం మంచిది. ఇక్కడ రకం చూసుకోవాలి. సీమ ముల్లంగులకు గట్టి చలి తగిలితేగాని పువ్వు రాదు. వాటి విత్తనం కొండప్రాంతాలలో తీస్తారు. మన ఆసియా రకాలు, పూసా చేత్కి, పూసా దేశీ వంటివి, మైదానాలలోనే గింజ కడతాయి. విత్తనం మందు పట్టించినదైనా నాటడానికి అభ్యంతరం లేదు. ఆ మొక్క కాచిన క్రొత్త గింజను తినవచ్చు. ఆ మొదటి గడ్డను, ఆకును మాత్రం అది పూర్తిగా ఎదిగిన తరువాతే వంటకు తీయండి.

నలుబది, ఏబది రోజులకు గడ్డలు ఊరతాయి. చాలభాగం కూరకు తీసుకొని, అన్నిటికంటె మంచివి అయిదారింటిని అట్లాగే వదలండి. చచ్చుదానిని వదిలి మంచిదానిని సాంబారులో వేసుకోవాలని చెయ్యి లాగుతుంది, నిజమే! కాని చచ్చుగడ్డ గింజ చచ్చుగానే వస్తుంది. ఒక్క మొక్కనే వుంచితే కాయ సరిగా పట్టదు, ముల్లంగి పువ్వుకు మరొక మొక్క పుప్పొడి కావాలి. ఆ పని తేనెటీగలు చేస్తాయి. తెలుపులోనో లేత ఊదారంగులోనో నాలుగేసి రేకుల పూలు వస్తాయి. అప్పుడే పేనుబంక కూడా పట్టుతుంది. కాయలు తినేవి గనుక మందులు చల్లక, నీళ్లు వడిగా చిమ్మి కడిగివేయడం మేలు.

పూలు రాలి కాయ దిగడం మొదలైతే ఇక రెండు మూడు వారాలు పండుగే. మన ఆంధ్రదేశపు వంటలలో ఈ కాయకు అంత చోటు లేదు గాని, మహారాష్ట్రంలో వున్న మన ఆడపడుచులు డింగ్రీ పేరుతో బజారులో చూసే వుంటారు. గుజరాతీలు, ఉత్తరాదివారు మోగ్రీ అంటారు. ఈ కాయల కోసమే పెంచే రకం కూడా వేరే వున్నది. దానికి గడ్డ ఊరదు, కాయ మాత్రం ఎలుకతోకలా బారుగా సాగుతుంది. ఏ రకమైనా కాయ లేతగా వుండాలి. విరిస్తే టక్కున విరగాలి, పీచు రాకూడదు. ఒకరోజు ఆలస్యమైనా నోట్లో నార మిగులుతుంది.

వండే తీరు గోరుచిక్కుళ్ల తీరే. తొడిమలు, తోకలు తీసి అంగుళం ముక్కలుగా తరగాలి. నూనెలో మినప్పప్పు, ఎండుమిరప, ఇంగువ, కరివేపాకు పోపు వేసి, ముక్కలు వేసి, మూత పెట్టకుండా మగ్గనివ్వాలి. మూత పెడితే గంధకపు వాసన లోపలే తిరిగి కూరకు పట్టుతుంది. మగ్గిన తరువాత రెండు చెంచాల శనగపిండి చల్లి, ఎర్రబడేదాకా వేయిస్తే జొన్నరొట్టెకు, చపాతీకి దీటైన కూర. అన్నంలోకైతే శనగపిండి మాని, నానిన పెసరపప్పు, కొబ్బరికోరు వేసుకోవాలి. ఆవ పెట్టిన కూర మనకు ప్రాణమే గాని ముల్లంగి కాయలో ఆవముద్ద వేయడం మాకు నచ్చదు. అది ఘాటుమీద ఘాటు. పచ్చికాయలను సన్నగా తరిగి, ఉప్పు వేసి, కమ్మని పెరుగులో కలిపి పోపు పెడితే ఎండ ముదిరే రోజులలో చలువగా వుంటుంది. ఈ పెరుగు పచ్చడి పిల్లలు కూడా తింటారు.

మొలకలకు ఒకటి రెండు మాటలు చాలు. మందు పట్టించని గింజను కడిగి, ఆరేడు గంటలు నానబెట్టి, పలుచని గుడ్డలో కట్టి, పూటపూటా నీళ్లు పోసి వార్చితే నాలుగయిదు రోజులకు తెల్లని కాడ, పచ్చని రెండాకులు వస్తాయి. కన్నడంవారి కోసంబరిలో గుప్పెడు కలుపుకుంటే మిరియాలు వేసినట్లుంటుంది. అయితే మొలకకు కావలసిన తడి, వెచ్చదనమే సూక్ష్మజీవులకూ కావాలి. 1996లో జపానులోని సకాయ్ నగరంలో వేలకొద్దీ బడిపిల్లలు ఒక్కసారిగా ప్రమాదకరమైన విరేచనాల పాలైనప్పుడు, బడి భోజనంలో పెట్టిన పచ్చి ముల్లంగి మొలకల మీదనే అనుమానం పడింది. పసిపిల్లలకు, వృద్ధులకు, గర్భిణులకు మొలకలను బాగా ఉడికించి గాని పెట్టరాదు.

ఎండిన గింజను దోరగా వేయించి, జీలకర్ర, మిరియాలతో కలిపి పొడి కొట్టి వుంచుకుంటే చారులో పావుచెంచా చాలు. ఇంతకంటె ఎక్కువ వేస్తే చేదు తేలుతుంది.

ఆ గింజ తీయడంలోనే కొంచెం శ్రమ వున్నది. విత్తిన నాటినుంచి గింజ చేతికి రావడానికి అయిదారు నెలలు పడుతుంది. కాయలు పసుపుబారి, గోధుమరంగుకు తిరిగిన తరువాత కొమ్మలు కోసి వారం రోజులు నీడలోనూ, తరువాత ఎండలోనూ ఆరబెట్టాలి. ముల్లంగి కాయ ఎండినా ఆవకు మాదిరి పగిలి గింజ రాల్చదు, బెండులా గింజను పట్టుకొని వుంటుంది. గోనెసంచిలో వేసి కర్రతో కొట్టి, చేటతో చెరుగుకోవాలి. పొడిసీసాలో పోసి, తడి తగలకుండా మూత బిగిస్తే మూడు నాలుగేండ్లు మొలకెత్తే శక్తి పోదు. సీసామీద పండిన యేడు వ్రాసిన చీటీ అంటించి, మరుసటి ఆశ్వయుజానికి నాటడానికని రెండు చెంచాలు విడిగా తీసి వుంచండి.