కత్తెర ముందా? ప్రశ్న ముందా?

జన్యువులను కత్తిరించే క్రిస్పర్ పద్ధతి 2012లో వెలుగులోకి వచ్చింది. దానితో కొత్త సంస్థలు పెట్టాలన్న ఉత్సాహం ఎందరిలోనో కలిగింది. మరి ఆ కత్తెర చేతపట్టే ముందు ఏమి తెలియాలి? మన డెల్టా వరినే ఉదాహరణగా తీసుకుందాం.

సాంబ మసూరి మీకు తెలుసు కదా! బాపట్లలో రూపొందిన ఈ బి.పి.టి. 5204 రకం 1986లో విడుదలయింది. బియ్యం సన్నం, అన్నం రుచి. కాని బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకోలేదు. దిగుబడి కూడా ఇంకా పెరిగితే బాగుండునని రైతుల కోరిక. ఈ రెండు పనులకూ ఒకే పనిముట్టు సరిపోతుందా?

తెగులును తట్టుకునే జన్యువులు వేరే వరిలో ఉన్నాయి. అందుచేత హైదరాబాదులోని వరి పరిశోధన సంస్థ, సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు ఆ వరితో సాంబ మసూరిని సంకరపరచారు. పుట్టిన మొక్కలను మళ్ళీమళ్ళీ సాంబ మసూరితోనే కలుపుతూ, డి.ఎన్.ఏ. గుర్తుల ఆధారంగా మూడు జన్యువులూ ఉన్న మొక్కలనే ఏరుకున్నారు. అలా మెరుగుపడిన సాంబ మసూరి 2008లో విడుదలయింది. ఇందులో కత్తెర అవసరమే రాలేదు!

గింజల సంగతి వేరు. వెన్నులో సైటోకైనిన్ అనే హార్మోను ఎక్కువగా ఉంటే గింజలు పెరుగుతాయి. సి.కె.ఎక్స్.2 జన్యువు వల్ల తయారయ్యే ఎంజైము ఆ హార్మోనును విచ్ఛిన్నం చేస్తుంది. ఇక్కడ కొత్త జన్యువును తేనక్కరలేదు. ఉన్నదాన్ని ఆపితే చాలు. ఈ పనికి క్రిస్పర్ తగినది. ఒక ఆర్.ఎన్.ఏ. ముక్క దారి చూపగా, కాస్ ఎంజైము డి.ఎన్.ఏ.ను సరిగ్గా ఆ చోట తెంచుతుంది. కణం దాన్ని అతికించుకునేటప్పుడు కొన్ని అక్షరాలు తారుమారై జన్యువు పని ఆగుతుంది. ఇలా రూపొందిన 'కమల' రకాన్ని 2025 మే 4న కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. దాని దిగుబడి లెక్కలపై అదే ఏడాది విమర్శలూ వచ్చాయి. ప్రయోగశాలలో నెగ్గిన మొక్క పొలంలోనూ నెగ్గాలి కదా!

ఇప్పుడు సంస్థల విషయానికి వద్దాం. స్థాపకుడు జీవశాస్త్రజ్ఞుడే కానక్కరలేదు. 1993లో హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్‌ను స్థాపించిన వరప్రసాద్ రెడ్డి ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. ఆయన శాస్త్రజ్ఞులను కూడగట్టుకున్నారు. 1997లో ఆ సంస్థ హెపటైటిస్-బి టీకాను తెచ్చింది. అయితే జీవశాస్త్రం తెలిసినవారు ఎవరో ఒకరు మొదట ఈ ప్రశ్నలు వేయాలి: ఏ జన్యువు? దాన్ని ఆపాలా, ఒక్క అక్షరం మార్చాలా, మరో మొక్క నుంచి తేవాలా?

వరిలో ఒక తప్పు తెలుసుకోవడానికే ఒక పంటకాలం పడుతుంది. విజయవాడలోనో, బాపట్లలోనో చదువుతున్న మీలో ఎవరైనా రేపు అలాంటి సంస్థ పెడితే, కత్తెర కొనేముందు మొక్కను చదవండి.