వలసపోయిన దళితుడు ఏ రాష్ట్రం ఎస్సీ?

కూచిపూడి అనగానే లోకానికి నాట్యం గుర్తొస్తుంది. గోల్కొండ తానీషా ఇచ్చిన అగ్రహారమని చెప్తారు. అక్కడినుంచి మద్రాసు పోయిన వెంపటి చినసత్యం 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. ఆ తర్వాత ఆ నాట్యం మద్రాసుదీ అయింది, ఢిల్లీదీ అయింది, అమెరికాదీ అయింది. ఎక్కడికి పోయినా దాని పేరూ పరువూ దాని వెంటే పోయాయి. నీది ఏ రాష్ట్రం అని దాన్ని ఎవరూ నిలబెట్టి అడగలేదు.

మాది ఆ ఊరికి కూతవేటు దూరంలో ఉన్న మాలపల్లె. మా పల్లెనుంచీ మనుషులు పోయారు. విజయవాడ పోయారు, హైదరాబాదు పోయారు, బొంబాయి పోయారు. మా చిన్న మేనమామ 1994లో సెంట్రింగు పనికని బొంబాయి పోయి అక్కడే ఉండిపోయాడు. ఆయన కూతురు అక్కడే పుట్టి, అక్కడే చదివి, 2020లో పన్నెండో తరగతి పాసయింది. కాలేజీ సీటు కోసం వాళ్ల నాన్న ఇక్కడినుంచి తీసుకుపోయిన కులం సర్టిఫికెట్ చూపిస్తే, ఇది మా రాష్ట్రంలో చెల్లదన్నారు. సరే, ఆంధ్రాలో చదువుకుందామని ఇటొస్తే, నువ్వు లోకల్ కాదన్నారు. ఆ రాత్రి ఫోన్లో ఆ పిల్ల నన్నడిగింది: "బావా, మరి నేనెక్కడ ఎస్సీని?"

అప్పుడు నాకు వెంటనే జవాబు తోచలేదు. యూనివర్సిటీ మెట్లెక్కిన మొదటివాణ్ణి కాబట్టి మా ఇంట్లో కాగితాల సంగతులన్నీ నన్నే అడుగుతారు. ఈ వ్యాసం ఆ పిల్లకి నేను బాకీపడ్డ జవాబు.

రాజ్యాంగం 341వ అధికరణంతో మొదలుపెట్టాలి. రాష్ట్రపతి ఒక్కొక్క రాష్ట్రానికీ, కేంద్రపాలిత ప్రాంతానికీ విడివిడిగా కులాల జాబితా ప్రకటిస్తాడు. ఆ జాబితాలోని కులాలు "ఆ రాష్ట్రానికి సంబంధించి" షెడ్యూల్డు కులాలు. మొత్తం చిక్కు ఈ మూడు మాటల్లోనే ఉంది. మొదటి ఉత్తర్వు 1950 ఆగస్టు 10న వెలువడింది. ఆ తర్వాత ఒక కులాన్ని చేర్చాలన్నా తీసేయాలన్నా పార్లమెంటు చట్టం చేయాల్సిందే. మనం అనుకున్నట్టు ఎస్సీ అనేది దేశమంతటికీ ఒకే ముద్ర కాదు. ఉత్తరప్రదేశ్‌లో ధోబీ ఎస్సీ. మన దగ్గర చాకలి బీసీ. అండమాన్‌కి అసలు ఎస్సీ జాబితాయే లేదు. పోర్ట్‌బ్లెయిర్‌లో తెలుగువాళ్లు బోలెడంతమంది. అక్కడికి పోయి స్థిరపడ్డ మాల, మాదిగ కుటుంబాలు ఆ నేల లెక్క ప్రకారం ఏ షెడ్యూల్డు కులానికీ చెందవు.

ఒకప్పుడు రాష్ట్రం లోపల కూడా ఇదే పరిస్థితి ఉండేది. ఆంధ్ర జిల్లాలకి ఒక జాబితా, తెలంగాణా జిల్లాలకి ఇంకో జాబితా. 1976 నాటి సవరణ చట్టం ఈ లోపలి గోడల్ని చాలామటుకు తీసేసింది. రాష్ట్రాల మధ్య గోడ అలాగే ఉంది.

ఆ గోడ మీద కేంద్ర హోంశాఖ సర్క్యులర్లు ఒకదాని తర్వాత ఒకటి పేర్చింది. 1977 మార్చి 22 నాటి ఉత్తరం ప్రకారం, రాష్ట్రపతి ఉత్తర్వు వెలువడిన రోజున మనిషి శాశ్వత నివాసం ఎక్కడుందో దాన్నిబట్టే సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆ రోజు తర్వాత పుట్టినవాళ్లకి తండ్రి నివాసం చూడాలి. 1982లో కొంచెం సడలించారు. వలసపోయినవాడి పిల్లలకి, తండ్రి సర్టిఫికెట్ ఆధారంగా, కొత్త రాష్ట్రం అధికారులే సర్టిఫికెట్ ఇవ్వవచ్చన్నారు. అయితే దాంతో కొత్త రాష్ట్రంలో ఏ ప్రయోజనమూ రాదు. మూల రాష్ట్రంలోనే అడుక్కోవాలని 1985 ఫిబ్రవరి 22న మళ్లీ స్పష్టం చేశారు.

అస్సాంలో ఎవరు విదేశీయులో తేల్చడానికి 1971 మార్చి 24 గీటురాయి. దాని గురించి దేశమంతా వాదులాడుకుంది. మనకి 1950 ఆగస్టు 10 అలాంటి గీటురాయే అని ఎంతమందికి తెలుసు? మా మామ కూతురు దేశం దాటలేదు, పాస్‌పోర్టు ముఖం చూడలేదు. అయినా ఆమె ఎవరో తేలాలంటే, డెబ్బై ఏళ్ల కిందట ఆమె తాత ఏ పొలంలో కూలి చేస్తున్నాడో చెప్పాలి. దేశాల మధ్య వలస విధానాల గురించి చర్చలు చాలా జరుగుతాయి గాని, దళితులకి ఈ దేశం లోపల ప్రతి రాష్ట్రం సరిహద్దూ అలాంటి చెక్‌పోస్టే.

సర్క్యులర్లని కోర్టులో ప్రశ్నించిన పెద్ద కేసు కూడా మన డెల్టాదే. మర్రి చంద్రశేఖరరావు కేసు అని పుస్తకాల్లో ఉంటుంది. తెనాలిలో పుట్టిన విద్యార్థి. తండ్రికి తెనాలి తహసీల్దారు ఇచ్చిన ఎస్టీ సర్టిఫికెట్ మీద కేంద్ర ప్రభుత్వరంగ ఎరువుల సంస్థలో ఉద్యోగం వచ్చి, కుటుంబం బొంబాయి చేరింది. కొడుకు అక్కడే చదివి మెడికల్ కాలేజీకి దరఖాస్తు పెడితే, వలస వచ్చినవాడివి గనక ఎస్టీ కోటా లేదన్నారు. 1990లో సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ మాటనే ఖాయం చేసింది. ఒక కులం లేక తెగ వెనుకబాటు ఆ ప్రాంతపు సామాజిక పరిస్థితులనుంచి పుట్టిందనీ, వేరే రాష్ట్రంలో అవే పరిస్థితులు ఉండనక్కర్లేదనీ, బయటివాళ్లకి ఇస్తే స్థానిక ఎస్సీ, ఎస్టీల వాటా తగ్గుతుందనీ కోర్టు చెప్పిన కారణాలు.

ఈ తర్కంలో నిజం లేకపోలేదు. మహారాష్ట్రలో మహర్లు, మాంగులు పోరాడి తెచ్చుకున్న సీట్లు బయటివాళ్లు పంచుకుపోతే వాళ్లకి నష్టమే. చాకలి ఉదాహరణ పైన చెప్పాను. కానీ 1994లో కోర్టు ఇంకో అడుగు వేసింది. ఒకే పేరున్న కులం రెండు రాష్ట్రాల జాబితాల్లోనూ ఉన్నా సరే, వలసవచ్చినవాడికి వర్తించదంది. మాదిగ ఆంధ్రాలోనూ ఎస్సీ, కర్ణాటకలోనూ ఎస్సీ, తమిళనాడులోనూ ఎస్సీ. అయినా విజయవాడనుంచి బెంగుళూరు పోయి స్థిరపడ్డ మాదిగ బెంగుళూరులో ఎస్సీ కాడు. ఇక్కడ పరిస్థితులు వేరనే వాదన ఎలా నిలుస్తుందో నాకు అంతుబట్టలేదు. 2018 ఆగస్టు 30న బీర్‌సింగ్ కేసులో మరో అయిదుగురి ధర్మాసనం పాత సూత్రాన్నే నిలబెట్టింది. ఢిల్లీకి మాత్రం మినహాయింపు దొరికింది. అక్కడి ఉద్యోగాలు కేంద్ర సర్వీసుల్లో భాగం కాబట్టి అన్ని రాష్ట్రాల ఎస్సీలూ అర్హులే.

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. వలసపోయినవాళ్లు కొత్తచోట ఇమిడిపోవడానికి భాష, బడి, పని, ఇరుగుపొరుగు తోవలని సమాజశాస్త్రం పాఠాలు చెప్తాయి. మా మామ కూతురు మరాఠీ నాకంటే లక్షరెట్లు నయంగా మాట్లాడుతుంది (నాకు ఒక్క ముక్క రాదు). బడిలో ఆమెని మదరాసీ అని ఏడిపించారే తప్ప కులం అడగలేదట. కులం అడిగింది తెలుగువాళ్లు. వాళ్లున్న వీధిలో మన జిల్లాలవాళ్లే ఎక్కువ. కొత్తగా ఎవరు గది అద్దెకి తీసుకున్నా రెండో రోజుకల్లా "మీరేవిట్లండీ?" అన్న ప్రశ్న వస్తుంది. నన్ను హైదరాబాదులో ఇల్లు అద్దెకి అడిగినప్పుడూ అదే ప్రశ్న. పరిస్థితులు మారతాయని కోర్టు అన్నది గాని, ఈ ప్రశ్న రైలు టికెట్ లేకుండానే మనతో వస్తుంది.

ఈ విషయం న్యాయస్థానాలకి తెలియదని కాదు. 2023లో బొంబాయి హైకోర్టు ఫుల్ బెంచి, అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ బాధితుడి సొంత రాష్ట్రానికే పరిమితం కాదనీ, దేశంలో ఎక్కడున్నా వర్తిస్తుందనీ తీర్పు చెప్పింది. అంటే బొంబాయిలో మా మామని కులం పేరుతో తిడితే ఆయన ఎస్సీ, సీటు అడిగితే కాదు. అవమానం ఆయన వెంట వచ్చిందని ఒప్పుకున్నాక, దానికి పరిహారంగా ఇచ్చిన హక్కు ఎందుకు రాకూడదన్నది కార్యకర్తలు గట్టిగా అడగవలసిన ప్రశ్న.

వలస అంటే కూడూగుడ్డా కోసమే కాదు. 1985 జులై 17న కారంచేడులో మాదిగల్ని చంపినప్పుడు మిగిలినవాళ్లు చీరాల చేరారు. 1991 ఆగస్టు 6న చుండూరులో మాలల్ని నరికినప్పుడు ప్రాణాలు దక్కినవాళ్లు తెనాలి చేరారు. రెండుచోట్లా పారిపోయిన ఊరు ఉన్న రాష్ట్రంలోదే. వాళ్లే భయపడి మద్రాసు పోయి స్థిరపడి ఉంటే? ప్రాణం కాపాడుకోవడానికి పోయినవాడికీ, జీతం కోసం పోయినవాడికీ ఈ సర్క్యులర్లు తేడా చూడవు.

ఇంకో వింత. 2014 జూన్ 2న కదలకుండానే లక్షలమంది వేరే రాష్ట్రంవాళ్లయ్యారు. పునర్విభజన చట్టం అయిదో షెడ్యూలు ఎస్సీ ఉత్తర్వుని సవరించి తెలంగాణాకి వేరే జాబితా పెట్టింది. కృష్ణా, గుంటూరు జిల్లాలనుంచి ముప్ఫయ్యేళ్ల కిందట హైదరాబాదు పోయిన దళిత కుటుంబాలు అప్పటిదాకా జిల్లా మారినవాళ్లు. ఆ రోజునుంచి రాష్ట్రం మారినవాళ్లు. బీహార్, జార్ఖండ్ చీలిక విషయంలో సుప్రీంకోర్టు 2021లో, రిజర్వుడు ఉద్యోగి రెండింట్లో ఏదో ఒకచోట హక్కు అడగవచ్చనీ, రెండుచోట్లా ఒకేసారి అడగకూడదనీ చెప్పింది. మనవాళ్లకి పనికొచ్చే తీర్పు. 2025లో రెండు తెలుగు రాష్ట్రాలూ వేర్వేరుగా ఎస్సీ వర్గీకరణ చేసుకున్నాయి కాబట్టి ముందుముందు ఈ చిక్కు ఇంకా ముదురుతుంది.

మనం అడిగేవాళ్లమే కాదు, అడిగించుకునేవాళ్లం కూడా. ఒడిశా బలంగీర్, నువాపడా జిల్లాలనుంచి తెలుగు జిల్లాల ఇటుకబట్టీలకి వచ్చే కూలీల్లో దళితులు ఎంతోమంది. వాళ్ల పిల్లలు ఇక్కడ ఎస్సీలు కారు. వాళ్ల తరఫున మన సంఘాలు నోరు విప్పింది నేను చూసినంతలో తక్కువ.

సముద్రం అవతల కథ క్లుప్తంగా చెప్తాను. అక్కడి ప్రభుత్వాలకి మనమంతా ఒకే రంగు ఇండియన్లం. వివక్ష చట్టాల్లో జాతి, మతం ఉన్నాయి గాని కులం లేదు. బ్రిటన్ 2010 నాటి సమానత్వ చట్టంలో కులాన్ని చేర్చడానికి వీలు పెట్టుకుని, 2013లో చేర్చి తీరాలని సవరించుకుని, 2018లో అక్కర్లేదని వెనక్కి తగ్గింది. అమెరికాలో సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరి 21న కుల వివక్షని నిషేధించింది. కాలిఫోర్నియా శాసనసభ అలాంటి బిల్లే పాస్ చేస్తే గవర్నర్ అదే ఏడాది అక్టోబరులో వీటో చేశాడు. అక్కడ కులాన్ని చూడటానికి చట్టానికి కళ్లు లేవు. బొంబాయిలో కళ్లుండి మూసుకుంది.

మా మామ కూతురి సంగతికొస్తే, ఆమెకి ఇక్కడ అడ్డొచ్చింది 1974 నాటి అడ్మిషన్ల ఉత్తర్వు. నూటికి 85 సీట్లు లోకల్ వాళ్లవి. లోకల్ కావాలంటే వరసగా నాలుగేళ్లు ఇక్కడ చదివుండాలి. మూల రాష్ట్రంలో అడుక్కోమన్న హోంశాఖకి, ఇక్కడ ఇలాంటి తలుపొకటి ఉందన్న సంగతి పట్టలేదు. ఇక మిగిలింది కేంద్రం తలుపు. కేంద్ర విశ్వవిద్యాలయాలు, కేంద్ర ఉద్యోగాలు, నీట్ అఖిలభారత కోటా, ఇవన్నీ ఏ రాష్ట్రం ఎస్సీ సర్టిఫికెట్‌నయినా ఒప్పుకుంటాయి. ఇది తెలియక ఎంతమంది వలస పిల్లలు ఫారంలో ఓపెన్ అని రాసి ఊరుకుంటున్నారో. టీచర్లు ఈ ఒక్క సంగతయినా క్లాసులో చెప్పాలి.

ఆ పిల్ల ఒక కేంద్ర విశ్వవిద్యాలయంలో ఎస్సీ కోటాలోనే చేరి ఎం.ఎస్సీ. పూర్తిచేసింది. ఇప్పుడు రెండు పరీక్షలకి చదువుతోంది. నెట్ ఫారంలో కులం గడి దగ్గర ఎస్సీ అని రాసింది. మహారాష్ట్ర సెట్ ఫారంలో, అదే చేత్తో, ఓపెన్ అని రాసింది.