రేటుకూ ‘బిరేటు’కూ చుట్టరికం లేదు

విశాఖపట్నం: చేపల రేవులో ‘రేటు’ అనే మాట తెలియనివారుండరు. తెల్లవారుజామున పాట మొదలైతే అందరి నోటా అదే మాట. అయితే ఇంగ్లీషులో ఇంకో రేటు కూడా ఉంది. దానికి అర్థం తిట్టడం. దాని ముందు ‘బి’ చేరి ‘బిరేట్’ అయింది. 16వ శతాబ్దంనుంచీ వాడుకలో ఉన్న మాట ఇది. ధర చెప్పే రేటు లాటిన్ నుంచి వచ్చింది. తిట్టే రేటు పుట్టుక వేరు.

కసిరితే బిరేట్ కాదు. బుద్ధి చెప్పి మందలించినా కాదు. కోపంతో, ఆగకుండా చీవాట్లు పెడితే అది బిరేట్. మన పల్లెల్లో ‘కేకలేశాడు’, ‘దులిపేశాడు’ అంటారే, దానికి దగ్గర. పత్రికలవారు దీన్నే ‘అక్షింతలు’ అంటారు. పెళ్ళిలో దీవెనగా వేసే బియ్యానికి ఈ గతి ఎందుకు పట్టిందో!

వాడే తీరు తేలిక. తిట్లు తిన్నవాడి పేరు వెంటనే వస్తుంది, కారణానికి ముందు ‘ఫర్’ వస్తుంది. ‘ద ఫోర్‌మన్ బిరేటెడ్ ద హెల్పర్ ఫర్ కమింగ్ లేట్’ అంటే ఆలస్యంగా వచ్చినందుకు ఫోర్‌మన్ హెల్పరును చెడామడా తిట్టాడని.

పోర్టులోనో, ఉక్కు కర్మాగారంలోనో పనిచేసే కుర్రవాడు ఇంటికి వచ్చి ‘ఆఫీసరు తిట్టాడు’ అంటే ఉద్యోగం పోయిందేమోనని తల్లిదండ్రులు కంగారుపడతారు. నోటితో తిట్టిన తిట్టు శిక్ష కాదు. చేతికి కాగితం వస్తేనే చూసుకోవాలి. అందులో ‘సెన్షూర్’ అని ఉంటే అది నిజంగా శిక్షే. కేంద్ర ప్రభుత్వోద్యోగుల 1965 నాటి నియమాల్లో చిన్న శిక్షలలో మొదటిది అదే. రికార్డుకెక్కుతుంది, ప్రమోషన్ వేళ అడ్డురావచ్చు. అంత చిన్న శిక్షకైనా ముందుగా రాతపూర్వకంగా తెలియజేసి, జవాబు చెప్పుకొనే అవకాశం ఇవ్వాలని ఆ నియమాలే చెబుతున్నాయి. సంస్థకొక నియమావళి ఉంటుంది కనుక తమది ఏదో యూనియన్ ఆఫీసులో అడిగి తెలుసుకోవడం మంచిది. ఇంగ్లీషు రాదని సిగ్గుపడి, చదివించుకోకుండా సంతకం పెట్టి ఇచ్చేయడమే అసలు ప్రమాదం.

తిట్టే అధికారికీ హద్దు ఉంది. షెడ్యూల్డు కులాల, తెగల వారిని ఇతరులు పదిమంది చూసే చోట కులం పేరుతో దూషిస్తే 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. అక్కడ బిరేట్ అనే మాట చాలదు. ఫిర్యాదులో తిట్టిన మాటలు తిట్టినట్టే, తెలుగులోనే రాయించాలి. ఎక్కడ, ఏ వేళ, ఎవరెవరు విన్నారో కూడా రాయించాలి.