ఎముక గుంతలో మందు: ప్రింటర్ ఎంతవరకు సాయపడుతుంది?

బండి మీంచి పడి కాలెముక విరిగితే రాడ్డు వేస్తారు. చాలామందికి ఎముక అతుక్కుంటుంది. కొందరికి మాత్రం కుట్లు మానిన కొన్ని నెలలకు అదే చోట చిన్న రంధ్రం పడి చీము కారుతుంది. ఎముకకు ఇన్ఫెక్షన్ సోకిందని చెప్పి నాలుగు నుంచి ఆరు వారాలు నరానికి యాంటీబయోటిక్ ఎక్కిస్తారు. తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెడుతుంది. మందు పనిచేయలేదని ఇంటిల్లిపాదీ అనుకుంటారు. నిజానికి చాలాసార్లు మందు అక్కడికి తగినంత చేరనే లేదు.

మింగినా, నరానికి ఎక్కించినా మందు రక్తంతో పాటే ప్రయాణిస్తుంది. చచ్చిపోయిన ఎముక ముక్కకు రక్తం అందదు. పైగా బాక్టీరియా రాడ్డు మీదా ఎముక మీదా జిగురు పొర అల్లుకుని దాని చాటున బతుకుతుంది. ఆ పొరలోని క్రిమిని చంపాలంటే విడిగా తిరిగే క్రిమికి సరిపోయేదానికన్నా వందల రెట్లు గాఢంగా మందు కావాలి. అంత మందును రక్తంలోకి ఎక్కిస్తే క్రిమి చావకముందే మూత్రపిండాలు దెబ్బతింటాయి. జెంటామైసిన్ లాంటిదైతే వినికిడి కూడా పోవచ్చు. మందును ఒంటినిండా పంపే బదులు ఎముక గుంతలోనే పెట్టి, నెమ్మదిగా వదిలేలా చేయాలన్న ఆలోచన ఈ ఇరకాటంలోంచే పుట్టింది.

ఆలోచన కొత్తది కాదు. జర్మనీలో బుక్‌హోల్జ్, ఎంగెల్‌బ్రెక్ట్ అనే వైద్యులు కీలుమార్పిడిలో వాడే బోన్ సిమెంట్‌లో జెంటామైసిన్ కలిపిన సంగతిని 1970లో ప్రచురించారు. తర్వాత అదే సిమెంట్‌ను పూసలుగా చేసి, తీగకు గుచ్చి, ఎముక గుంతలో పేర్చే పద్ధతి వచ్చింది. ఇప్పటికీ చాలా ఆపరేషన్ థియేటర్లలో సర్జన్లు సిమెంట్‌లో మందు పొడి కలిపి చేత్తోనే పూసలు చుడతారు. ఎందరి కాళ్లనో నిలబెట్టిన పద్ధతి ఇది, దాన్ని తక్కువ చేయడానికి లేదు. లోపాలు మాత్రం ఉన్నాయి. సిమెంట్ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది కాబట్టి ఆ వేడికి తట్టుకునే మందులే కలపాలి. కలిపిన మందులో ఎక్కువ భాగం సిమెంట్ లోపలే చిక్కుకుపోతుంది. మిగతాది మొదటి రోజుల్లో ఒక్కసారిగా బయటికొచ్చి, తర్వాత సన్నగా కారుతూ ఉంటుంది. ఆ సన్నని ధార క్రిమిని చంపలేదు, మందుకు అలవాటు పడేలా చేస్తుంది. చివరికి పూసల్ని తీయడానికి మరో ఆపరేషన్ కావాలి.

3డీ ప్రింటింగ్ మీద ఆశ పెట్టుకున్నది ఈ లోపాల్ని తీర్చడానికే. రోగి ఎముకను సీటీ స్కాన్ తీసి, గుంత ఆకారాన్ని కంప్యూటర్‌లో గీస్తారు. ఒంట్లో తనంతట తాను కరిగిపోయే పదార్థంలో మందు కలిపి, ప్రింటర్ దాన్ని పొర మీద పొరగా పేరుస్తుంది. పదార్థం పాలీలాక్టిక్ యాసిడ్ కావచ్చు, పాలీకాప్రోలాక్టోన్ కావచ్చు, ఎముకలోని ఖనిజాన్ని పోలిన కాల్షియం ఫాస్ఫేట్ కావచ్చు. కరిగిపోయేది కనుక మళ్లీ కోసి తీయాల్సిన పని ఉండదు.

గుంతకు సరిగ్గా అతికే ముక్క దొరకడమే ఇందులో గొప్ప అని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో అసలు గొప్ప వేరు. ముక్క ఆకారమే మందు వేగాన్ని నిర్ణయిస్తుంది. పటికబెల్లం గడ్డ నోట్లో చాలాసేపు నిలుస్తుంది, అదే బరువు పంచదార క్షణంలో కరుగుతుంది. పదార్థం ఒకటే, తేడా అంతా తడి తగిలే ఉపరితలంలో ఉంది. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2015లో ఈ సూత్రాన్ని పారాసెటమాల్ మాత్రలతో పరీక్షించారు. ఘనం, గోళం, పిరమిడ్, స్తూపం, మధ్యలో రంధ్రమున్న చక్రం, ఇలా రకరకాల ఆకారాల్లో ముద్రించి చూస్తే, పరిమాణానికి ఉపరితలం ఎంత ఉందన్న నిష్పత్తిని బట్టే మందు విడుదల వేగం మారింది. మందుల అచ్చులతో పిరమిడ్‌ను గానీ లోపల జల్లెడలా ఉండే ముక్కను గానీ చేయడం కష్టం. ప్రింటర్‌కు అన్నీ ఒకటే. లోపలి గళ్లు వత్తుగా పెడితే మందు నెమ్మదిగా, పలచగా పెడితే వేగంగా వస్తుంది. బరువు, వయసు, మూత్రపిండాల పనితీరు చూసి డాక్టరు ఎంచుకునే మోతాదు ఇక్కడ ఒక రేఖాచిత్రం అవుతుంది.

మందుల వరుసను కూడా ముద్రించవచ్చు. చైనా పరిశోధకులు 2009లో ఎముక క్షయ కోసం ఒక ఇంప్లాంట్ తయారుచేశారు. అందులో ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ ఒకదాని లోపల ఒకటి వలయాలుగా ఉంటాయి. బయటి వలయం మందు ముందు వస్తుంది, దాని లోపలిది తర్వాత. వెన్నెముక క్షయతో నడుము వంగిపోయినవాళ్లు మన ఊళ్లలో ఇంకా కనిపిస్తారు. అందుకే ఈ ప్రయోగం మనకు దగ్గరిది.

మరి ఇన్నేళ్లయినా ఇది మన జిల్లా ఆసుపత్రికి ఎందుకు రాలేదు? మొదటి అడ్డంకి వేడి. పాలీలాక్టిక్ యాసిడ్‌ను కరిగించి ముద్రించాలంటే దాదాపు 200 డిగ్రీలు కావాలి, చాలా యాంటీబయోటిక్‌లు అంతకు ముందే పాడవుతాయి. పాలీకాప్రోలాక్టోన్ దాదాపు 60 డిగ్రీలకే కరుగుతుంది, కాబట్టి మందు బతుకుతుంది. అయితే ఆసుపత్రిలో పరికరాలను శుద్ధి చేసే 121 డిగ్రీల ఆవిరిలో పెడితే ఆ ముక్కే కరిగిపోతుంది. గామా కిరణాలతో శుద్ధి చేస్తే పాలీలాక్టిక్ యాసిడ్ గొలుసులు తెగి, అనుకున్నదానికన్నా ముందే కరగడం మొదలవుతుంది. కాల్షియం ఫాస్ఫేట్‌ను మామూలు గది ఉష్ణోగ్రతలోనే ముద్రించవచ్చు కానీ అది పెళుసు.

రెండో అడ్డంకి ఇంకా గట్టిది. ఫ్యాక్టరీలో లక్ష మాత్రలు చేస్తే కొన్నింటిని నలిపి పరీక్షించి మిగతావాటికి పూచీ ఇస్తారు. ఒక్క రోగికి ఒక్క ముక్కే చేస్తే, దేన్ని నలిపి చూడాలి? నలిపితే ముక్కే మిగలదు. ముద్రిస్తున్నంతసేపూ కొలుస్తూ, పాడుచేయకుండానే లోపలి మందును లెక్కగట్టే పద్ధతులు రావాలి. 3డీ ముద్రిత మందుకు అమెరికా ఎఫ్‌డీఏ తొలి అనుమతి 2015 ఆగస్టులో ఇచ్చింది. అది మూర్ఛకు వాడే స్ప్రిటామ్ మాత్ర. అది ఇంప్లాంట్ కాదు, ఒక మనిషి కొలతలకు చేసిందీ కాదు, ఫ్యాక్టరీలో వేలకొద్దీ తయారయ్యేదే. రోగి పక్కనే మందు తయారుచేయడానికి బ్రిటన్ ప్రత్యేక నిబంధనల్ని 2025 జులైలో అమల్లోకి తెచ్చింది. మందుల తయారీకి పేరున్న హైదరాబాద్ ఉన్న మన దేశంలోనూ ఇలాంటి నిబంధనల మీద చర్చ గట్టిగా జరగాలి.

మరో విషయం మరవకూడదు. మాత్ర పడకపోతే మానేస్తాం. ఒంట్లో పెట్టిన మందును అలా ఆపలేం. 1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్‌ను మహిళల మీద ప్రయోగించబోతే, వాళ్లకు విషయం సరిగా చెప్పలేదని హైదరాబాద్‌కు చెందిన మహిళా సంఘం స్త్రీశక్తి సంఘటన నిలదీసింది. మరుసటి ఏడాది ఇతర సంస్థలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఒకసారి పొడిస్తే దాదాపు రెండు నెలలు ఒంట్లో ఉండే మందు అది. నెలల తరబడి ఉండే ఇంప్లాంట్‌కు, ముందే అంతా వివరంగా చెప్పే జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి.

ముద్రిత మందు ఇంప్లాంట్ ముందుగా రావలసింది ఎముక ఇన్ఫెక్షన్‌కేనని నా నమ్మకం. అక్కడ ఎలాగూ ఆపరేషన్ జరుగుతుంది, మందు కొన్ని వారాలే కావాలి, తేడా వస్తే మళ్లీ తెరిచి తీయవచ్చు. రేపు మీ ఇంట్లోవారికి మందున్న ఇంప్లాంట్ ఏదైనా పెడతామంటే, సంతకం చేసే ముందు డాక్టరుగారిని అడగండి: ఇందులో ఏ మందుంది, ఎన్నాళ్లు వస్తుంది, పడకపోతే ఎలా తీస్తారు, దీన్ని ఇప్పటికే వాడుతున్నారా లేక ఇది ప్రయోగమా. జవాబు మీకు అర్థమయ్యే తెలుగులో చెప్పమనండి.