మన నడినెత్తిన పడ్డ గామా మెరుపు: ఐన్‌స్టీన్ లెక్క తప్పిందా?

2022 అక్టోబరు 9, ఆదివారం. ఆశ్వయుజ పున్నమి. సాయంత్రం 6 గంటల 47 నిమిషాలకి, జగ్గయ్యపేట, నందిగామ బజార్లలో లైట్లు ఎలిగే టయానికి, మన నెత్తి మీద ఒక మెరుపు పడింది. నడినెత్తి అంటే మాటవరసకి అంటం లేదు. చెయ్యి చాపి పిడికిలి పెడితే ఆకాశంలో ఎంత జాగా పడిద్దో, నడినెత్తికి అంత పడమరగా ఉంది అదొచ్చిన చోటు. ఎవరికీ కనపళ్ళేదు, చప్పుడూ లేదు. గామా కిరణాలు కంటికి ఆనవు, పైగా మన గాలి పొర వాటిని కిందికి రానివ్వదు. కానీ ఆ పొర పైభాగం మాత్రం గట్టిగానే కదిలింది. దూరప్రాంతాల రేడియో అలలు తేడాగా వచ్చాయి. మన దేశంలో పిడుగుల్ని పసిగట్టే పరికరాలకి కూడా తగిలింది.

దాని పేరు జీఆర్‌బీ 221009ఏ. గామా రే బర్స్ట్ అంటే గామా పేలుడు. పేరులో అంకెలు అది కనపడ్డ తారీఖే. ఇంతవరకు కొలిచిన గామా పేలుళ్లలో ఇంత వెలుగున్నది ఇంకోటి లేదు. ఇట్టాంటిది పదివేల ఏళ్లకోసారి వచ్చిద్దని అంచనా. ఆ వెలుగు బయల్దేరి 190 కోట్ల ఏళ్లయింది. మన పేట చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు తవ్వుకునే సున్నపురాయి అప్పటికింకా పుట్టనే లేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఫోన్లలో ఒక మాట తిరుగుతా ఉంది. ‘ఒక నక్షత్రం తన బరువు కన్నా ఎక్కువ శక్తిని కక్కింది, ఐన్‌స్టీన్ సూత్రం పోయింది’ అని. నేను నందిగామలో పిల్లలకి ఫిజిక్స్ చెప్పుకుని బతికేవాణ్ణి. పిల్లలు అడిగితే అదొక రకం. కానీ మొన్న అడిగింది మిర్చి వేసే ఒక పెద్దాయన. ‘మాస్టారూ, చుక్కలే లెక్క తప్పించుకుని ఊరికే శక్తి ఇస్తా ఉంటే, కరెంటు లేకుండా తిరిగే మోటారు ఎందుకు రాదు? వీడియోలో చూపించాడు. అడ్వాన్సు కట్టమంటన్నాడు’ అన్నాడు. ఇప్పుడు కాయితాల్లో ఎన్టీఆర్ జిల్లా అయినా మాది కృష్ణా జిల్లా మెట్టే. బోరు మీద, మోటారు మీద బతికే నేల. ఆ అడ్వాన్సు ఆయనకి ఒక కాపు విత్తనాల ఖర్చు. అందుకే దీన్ని నవ్వి వదిలెయ్యబుద్ధి కాలేదు.

ముందు సూత్రం సంగతి. 1905లో ఐన్‌స్టీన్ చెప్పిందేందంటే, ద్రవ్యరాశీ శక్తీ ఒకే సరుకు. ఎంత ద్రవ్యరాశి తగ్గితే దాన్ని కాంతి వేగంతో రెండుసార్లు గుణించినంత శక్తి బయటికొచ్చిద్ది. ఒక గ్రాము పూర్తిగా శక్తి అయితే రెండున్నర కోట్ల యూనిట్ల కరెంటు. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో పాత ఏడు యూనిట్లు కలిపి 1760 మెగావాట్లు. అవి ఏడాది పొడుగునా ఒక్క క్షణం ఆగకుండా ఫుల్లుగా తిరిగితే వచ్చే కరెంటంతా ఎంత ద్రవ్యరాశికి సమానం? సుమారు 600 గ్రాములు. రైళ్లకి రైళ్లు బొగ్గు తగలెట్టాక తేలేది అరకిలో పైచిలుకు. సూర్యుడయితే వెలుగు కింద సెకనుకి 40 లక్షల టన్నులకి పైగా పోగొట్టుకుంటన్నాడు. ఊరికే ఎక్కడా రాదు. ఎంతొచ్చినా ఎక్కడో అంత తగ్గాల్సిందే. ఆ పెద్దాయన మోటారుకి కూడా ఇదే పద్దు.

మరి గామా పేలుడు కాడ ఈ పద్దు తప్పిందని ఎందుకనిపించింది? ఇది ఫోన్లలో పుట్టిన డౌటు కాదు, పెద్ద పెద్ద శాస్త్రవేత్తలకే వచ్చింది. గామా పేలుళ్లని మొదట చూసింది అమెరికా వాళ్ల వేలా ఉపగ్రహాలు, 1967 జులై 2న. దొంగతనంగా అణుబాంబులు పేలుస్తన్నారేమోనని కాపలా పెట్టిన ఉపగ్రహాలవి. ఆ సంగతి లోకానికి చెప్పింది 1973లో. ఇంకో పాతికేళ్ల దాకా అవి ఎంత దూరాన పేలుతున్నాయో తేలలేదు. దూరం తెలవకపోతే శక్తి తెలవదు. ఊరి చివర మినుక్కుమనేది మిణుగురో, హైవే మీద లారీయో దూరాన్ని బట్టే గదా చెప్పగలం. 1997లో పేలుడు తర్వాత మిగిలే మసకవెలుగుని పెద్ద టెలిస్కోపులు పట్టుకోవటంతో, ఇవి కోట్ల కోట్ల కాంతి సంవత్సరాల అవతలివని తేలింది.

అప్పుడొచ్చింది తంటా. 1999 జనవరి 23న ఒక పేలుడు. దాని వెలుగు బయల్దేరి 900 కోట్ల ఏళ్లు దాటింది. అంత దూరాన పుట్టిన మెరుపుని అమెరికాలో ఒక చిన్న రోబో టెలిస్కోపు క్షణాల్లో పట్టింది. మామూలు బైనాక్యులర్ ఉన్నా కనపడేంత వెలుగు. శ్రీనివాస్ కులకర్ణి అని మన పక్క కర్ణాటక హుబ్లీలో పెరిగినాయన, ఆయన బృందం దూరం కట్టి లెక్కేశారు. శక్తి దాదాపు రెండు సూర్యుళ్ల ద్రవ్యరాశి మొత్తం గామా కిరణాలయిపోతే వచ్చినంత తేలింది. మొన్న మన నెత్తిన పడ్డదానికి అదే లెక్క వేస్తే అయిదున్నర సూర్యుళ్లు!

పెద్ద నక్షత్రం నడిబొడ్డు కూలి బ్లాక్‌హోల్ అయ్యేటప్పుడు ఇవి పుడతాయని తెలుసు. చుట్టూ ఉన్న సరుకు అందులో పడేటప్పుడు, దాని ద్రవ్యరాశిలో నూటికి 6 నుంచి 40 వంతుల దాకా శక్తిగా బయటికి రాగలదు. సూర్యుడి లోపల హైడ్రోజన్ కలిసి హీలియం అయ్యేటప్పుడు వచ్చేది నూటికి ఒక వంతు కూడా కాదు, 0.7 మాత్రమే. కాబట్టి కూలటమే మంచి కొలిమి. అయినా అయిదున్నర సూర్యుళ్లు కరిగి, మొత్తం ఒక్క గామా కిందే బయటికి రావటమంటే నమ్మశక్యం కాదు. మింగుడుపడని మాటే.

ఇక్కడే లెక్క ఎట్టా వేశారో చూడాలి. నక్షత్రం కాడికి పోయి ఎవరూ కొలవలేదు. మన దగ్గర చదరపు మీటరు మీద ఎంత శక్తి పడిందో కొలిచారు. 2022 పేలుడుకి అది ఒక జౌలులో సుమారు అయిదువేల వంతు. తర్వాత, ఆ నక్షత్రం చుట్టూ మన దూరమంత వ్యాసార్థంతో ఒక పెద్ద గోళం గీసి, గోళం మీద అన్ని చోట్లా ఇంతే పడి ఉంటదని గుణించారు. ‘అన్ని చోట్లా ఇంతే’ అన్న ఆ ఒక్క మాటలోనే అయిదున్నర సూర్యుళ్లూ దాక్కుని ఉన్నాయి.

పెద్దాయనకి నేను ఇట్టా చెప్పా. ‘బాబాయ్, చేలో కళ్లకి గంత కట్టి నిలబెట్టారనుకో. మొహం మీద ఫెడీమని నీళ్లు కొట్టాయి. స్ప్రింక్లర్ అనుకుంటే ఏమంటావు? నా మీదే ఇంత పడితే చేనంతా ఇంతే తడిసుంటది, చెరువు ఖాళీ అయిపోయుంటది అంటావు. కానీ అది నీ మొహానికే గురిపెట్టిన పైపయితే?’ ఆయన, ‘పైపయితే బిందెడు నీళ్లు చాలు గదా’ అన్నాడు. అంతే సంగతి. గామా పేలుడు స్ప్రింక్లర్ కాదు, పైపు. ఇంకా చెప్పాలంటే రెండు పైపులు. కూలిపోయే నక్షత్రం గిర్రున తిరుగుతా ఉంటది. ఆ తిరిగే ఇరుసు వెంట పైకొకటి కిందికొకటి సన్నటి ధారలు చిమ్మిద్ది. ఒక ధార సూటిగా మన మీదికొస్తేనే మనకది పేలుడు.

పైపే అని రుజువేంది? ఇది నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం. ధారలో సరుకు కాంతి వేగానికి వెంట్రుకవాసి తక్కువతో వచ్చిద్ది. అంత వేగంలో దాని వెలుగు ముందుకే కుచించుకుపోయిద్ది, కాబట్టి మనకి ధార నడిమి చిన్న ముక్క మాత్రమే కనపడిద్ది. ధార నెమ్మదించే కొద్దీ కనపడే ముక్క పెద్దదయిద్ది. ఒక ఘడియకి ధార అంచు కనపడిద్ది. అంచు దాటాక చూపించటానికి ఇంకేమీ ఉండదు, అందుకని వెలుగు ఉన్నట్టుండి త్వరగా పడిపోవటం మొదలెట్టిద్ది. స్ప్రింక్లర్‌కి అంచు ఉండదు గదా, అట్టాంటి మలుపూ ఉండదు. 1999 పేలుడుకి ఆ మలుపు రెండు రోజులకొచ్చింది. 2022 దానికి, చైనాలో లాసో అనే కొండమీది పరికరం కొలిచిన మహా గట్టి కిరణాల్లో, 11 నిమిషాలకే వచ్చింది. అంత త్వరగా వచ్చిందంటే ధార అంత సన్నం. నడిమి నుంచి అంచుకి ఒక డిగ్రీ కూడా లేదు, 0.8 అని కట్టారు.

ఆ సన్నటి ధారలు రెండూ కలిపి ఆకాశం మొత్తంలో పదివేల వంతు. అయిదున్నర సూర్యుళ్లని పదివేలతో భాగిస్తే సూర్యుడి ద్రవ్యరాశిలో సుమారు రెండువేల వంతు. అయిపోయింది, బిందెడు నీళ్లే. ఆ సన్నటి ధార చుట్టూ ఇంకాస్త పలచని ధార ఉందనీ, దాన్ని కూడా కలపాలనీ కొందరంటన్నారు. కలిపినా ఒక్క సూర్యుడికి చాలా దిగువనే ఉంటది. పద్దు తప్పలేదు. స్ప్రింక్లర్ అనుకోవటమే తప్పు.

నన్నడిగితే గామా పేలుళ్లు ఈ సూత్రాన్ని పడగొట్టకపోగా, అది లేకపోతే అర్థమే కావు. ఈ పేలుళ్లు క్షణంలో వెయ్యోవంతులో మినుకుమంటాయి. అంత టయంలో కాంతి 300 కిలోమీటర్లు పోయిద్ది, విజయవాడలో బయల్దేరి నందిగామ, జగ్గయ్యపేట మీదుగా హైదరాబాదు దాటినంత. మినుకు పుట్టే చోటు అంతకన్నా పెద్దది కాకూడదు. అంత ఇరుకులో అన్ని గామా కిరణాలుంటే ఒకదానికొకటి గుద్దుకుని ఎలక్ట్రాన్లు, పాజిట్రాన్లు అయిపోవాలి. శక్తి ద్రవ్యరాశిగా మారటమది, అదే సూత్రం తిరగేస్తే. అప్పుడు వెలుగు బయటికే రాకూడదు. కానీ వస్తా ఉంది. సరుకు మన మీదికి కాంతి వేగంతో పోటీపడి వస్తా ఉంటేనే ఆ చిక్కు విడిపోయిద్ది, ఎందుకంటే అప్పుడు పుట్టే చోటు మనం అనుకున్నదానికన్నా చాలా పెద్దది. ధారలు అంత వేగమని నమ్మటానికి ఇదే పెద్ద ఆధారం.

ఐన్‌స్టీన్‌ని ఈ పేలుళ్లతో పరీక్ష పెట్టనివాళ్లు లేరు. 2009 మే 10న ఒకటి పేలింది, 730 కోట్ల ఏళ్ల ప్రయాణం. గట్టి గామా కిరణం, మెత్తటి గామా కిరణం వేరు వేరు వేగాలతో నడుస్తాయేమో చూద్దామని ఫెర్మీ ఉపగ్రహం లెక్కేసింది. అంత దూరం పరిగెత్తినా ఒక క్షణం కన్నా తక్కువ తేడాతో వచ్చాయి. రెండూ ఒకే వేగం.

పెద్దాయన అడ్వాన్సు కట్టలేదు. కానీ లేచేటప్పుడు ఒక ప్రశ్న వేశాడు, నా క్లాసులో ఏ పిల్లాడూ అడగంది. ‘పైపు మన మొహానికి తిరిగుంటేనే మనకి తెలిసిద్ది గదా మాస్టారూ, మరి పక్కకి తిరిగిన పైపుల సంగతేంది?’

అవి లెక్కలేనన్ని. ధార అయిదు డిగ్రీలనుకున్నా మనకి కనపడే ఒక్కో పేలుడుకి కనపడనివి 250 పైనే. ఉపగ్రహాలు ఇప్పుడు దాదాపు రోజుకొకటి చూస్తన్నాయంటే, మిగతావన్నీ మన పక్క నుంచే పోతా ఉన్నాయన్నమాట. వాటి గామా మెరుపు మనకి రాదు. కానీ ధార నెమ్మదించి వెలుగు పక్కలకి విచ్చుకున్నాక, పేలుడు కనపడకుండా దాని మసకవెలుగు ఒక్కటే ఎక్కడో తేలాలి. తల్లి లేని ఆ వెలుగుల కోసం ఇప్పుడు రేడియో టెలిస్కోపులు, రాత్రంతా ఆకాశాన్ని జల్లెడపట్టే కెమెరాలు వెతుకుతా ఉన్నాయి.