గురక గుట్టు: మత్తు ఇవ్వకుండా నిద్రలోనే గొంతు పరీక్ష.. ఎలా చేస్తారు? ఎవరికి అవసరం?

పగలు గొంతు చూస్తే అంతా నార్మల్. రాత్రి కన్ను మూతపడితే చాలు.. ఇల్లంతా మోగేలా గురక, మధ్యమధ్యలో ఊపిరి ఆగిపోవడం. స్లీప్ అప్నియా తీరు ఇదే. సంగీత దర్శకుడు బప్పి లహరి 2022 ఫిబ్రవరిలో మరణించినప్పుడు డాక్టర్లు చెప్పిన కారణం కూడా ఈ జబ్బే.

మెలకువలో గొంతు కండరాలు బిగువుగా ఉండి గాలి దారిని తెరిచి ఉంచుతాయి. నిద్రలో అవి వదులవుతాయి. అందుకే మేలుకుని ఉన్న పేషెంట్ గొంతులోకి టార్చ్ వేసి చూస్తే అసలు అడ్డంకి దొరకదు.

దారి మూసుకునేది ఎక్కడ?

ముఖ్యంగా నాలుగు చోట్ల. మెత్తటి అంగిలి, గొంతు పక్క గోడలు, నాలుక మొదలు, శ్వాసనాళం పైన మూతలా ఉండే ఎపిగ్లాటిస్. కొందరిలో ఒకచోటే, కొందరిలో రెండు మూడు చోట్ల మూసుకుంటుంది. ఇది తెలియకుండా ఆపరేషన్‌కు వెళ్తేనే చిక్కు. నాలుక వెనక మూసుకుంటుంటే, అంగిలి ఒక్కదానికే సర్జరీ చేసి లాభం తక్కువ. నొప్పి, ఖర్చు మిగులుతాయి.. గురక అలాగే ఉంటుంది.

మత్తు పరీక్షతో ఇబ్బందేంటి?

ఇప్పుడు ఎక్కువగా చేసేది మత్తు ఇచ్చి చేసే ఎండోస్కోపీ. లండన్ డాక్టర్లు క్రాఫ్ట్, ప్రింగిల్ 1991లో ఈ పద్ధతిని వివరించారు. ప్రొపోఫాల్ లాంటి మందు ఇచ్చి, గురక మొదలయ్యాక ముక్కులోంచి కెమెరా పంపుతారు. నిమిషాల్లో పని పూర్తి.

కానీ మత్తు నిద్ర, మామూలు నిద్ర ఒకటి కాదు. డోసు ఎక్కువైతే కండరాలు మరీ వదులైపోయి, లేని అడ్డంకి ఉన్నట్టు కనిపించొచ్చు. పైగా చాలామందిలో అప్నియా ముదిరేది కలలొచ్చే రెమ్ నిద్రలో. ప్రొపోఫాల్ మత్తులో ఆ దశ సాధారణంగా రాదు.

సహజ నిద్రలో ఎలా చేస్తారు?

ఇది కొత్త ఆలోచనేం కాదు. 1970ల చివర్లోనే అమెరికా డాక్టర్లు చేసి చూశారు. రాత్రి స్లీప్ ల్యాబ్‌లో పేషెంట్ తలకు, ఛాతీకి, వేలికి సెన్సర్లు పెడతారు. ముక్కుకు తిమ్మిరి మందు రాసి సన్నటి కెమెరా గొట్టం పంపుతారు. నిద్ర పట్టాక ఏ దశలో, ఎక్కడ, ఎంత మూసుకుంటుందో వీడియోలో కనిపిస్తుంది.

మరి అంతటా ఎందుకు చేయరు? ముక్కులో గొట్టంతో నిద్ర పట్టడమే కష్టం. పట్టినా గొట్టం కదిలితే మెలకువ వచ్చేస్తుంది. డాక్టర్, టెక్నీషియన్ రాత్రంతా మేలుకోవాలి. గొట్టం అక్కర్లేని నిద్ర ఎంఆర్ఐ కూడా ఉంది కానీ, ఆ మెషిన్ మోతలో నిద్రపోవడం మరో పరీక్షే.

ఎవరికి అవసరం?

గురక పెట్టే అందరికీ ఇది అక్కర్లేదు. ముందు స్లీప్ స్టడీ చేస్తారు. గంటకు 5 కంటే తక్కువసార్లు శ్వాసకు ఆటంకం కలిగితే నార్మల్, 30 దాటితే తీవ్రం. తీవ్రంగా ఉంటే మొదట సూచించేది సీప్యాప్ మెషిన్. అది పడనివాళ్లకు, సర్జరీ ఆలోచన ఉన్నవాళ్లకే ఈ ఎండోస్కోపీలు. సర్జరీ అని డాక్టర్ చెబితే ఒక్క ప్రశ్న తప్పక అడగాలి.. ‘నిద్రలో నా గొంతు ఎక్కడ మూసుకుంటోంది? అది చూశారా?’

ఇంట్లోవాళ్లు చేయగలిగిన పని కూడా ఒకటుంది. గురక మధ్యలో ఊపిరి ఆగుతుంటే ఫోన్‌లో వీడియో తీసి డాక్టర్‌కు చూపించండి. పగటి మగత, ఉదయం తలనొప్పి కూడా ఉంటే అస్సలు ఆలస్యం చేయొద్దు.