10,363 సార్లు అడ్డం నిలబడ్డాడు

ఇవాళ ఒక ఆటగాడి గురించి చెప్తా. బంతి పట్టుకుని పరిగెత్తడం అతని పని కాదు. టచ్‌డౌన్ కొట్టడం అతని పని కాదు. బంతి విసరడం అసలే కాదు. మరి పదకొండు సీజన్లు ఏం చేశాడు? అడ్డం నిలబడ్డాడు. అంతే. ఆ ఒక్క పనికే అతన్ని హాల్ ఆఫ్ ఫేమ్‌లో పెట్టారు. పేరు జో థామస్. ఆట అమెరికన్ ఫుట్‌బాల్.

ముందు ఆట సంగతి కొంచెం తెలియాలి. మనం ఫుట్‌బాల్ అనేది వేరు, వాళ్ళు ఫుట్‌బాల్ అనేది వేరు. వాళ్ళది కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతి. ఒక్కో టీమ్ నుంచి 11 మంది దిగుతారు. బంతి ఉన్న టీమ్‌కి నాలుగు ఛాన్సులు ఇస్తారు. ఆ నాలుగింట్లో కనీసం 10 గజాలు ముందుకెళ్ళాలి. వెళ్తే మళ్ళీ నాలుగు. ప్రతి ఛాన్సూ ఎలా మొదలవుతుందంటే, మధ్యలో వంగి ఉన్న ఒకడు తన కాళ్ళ మధ్య నుంచి బంతిని వెనక్కి అందిస్తాడు. దాన్నే స్నాప్ అంటారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కథంతా దీని మీదే నడుస్తుంది.

బంతి అందుకునేవాడు క్వార్టర్‌బ్యాక్. పేరు, డబ్బు, యాడ్లు, అన్నీ వీడికే. అవతలి వాళ్ళు వీడి మీద పడి నేలకేసి కొట్టడానికి చూస్తుంటారు. వాళ్ళని ఆపడానికి వీడి ముందు అయిదుగురు గోడలా నిలబడతారు. అదే అఫెన్సివ్ లైన్. ఆ అయిదుగురిలో ఎడమ చివర ఉండేవాడిని లెఫ్ట్ టాకిల్ అంటారు. వాడికే ఎందుకంత విలువ? క్వార్టర్‌బ్యాక్ కుడిచేతి వాటం అయితే, బంతి విసరడానికి ఒళ్ళు తిప్పినప్పుడు ఎడమవైపు అతనికి వీపు వెనకాల పడిపోతుంది. అటు నుంచి ఎవడొస్తున్నాడో కనిపించదు. కాబట్టి ఎదుటి టీమ్ తన ఫాస్టెస్ట్ మనిషిని చాలాసార్లు అటే పంపిస్తుంది. వాడు ముందుకి పరిగెత్తుకొస్తుంటే మనవాడు వెనక్కి అడుగులేస్తూ ఆపాలి. 120 కిలోల మనిషి మీదకి దూకుతుంటే వెనక్కి నడవడం! ఒకసారి ఇంట్లో గోడకి వీపు పెట్టి ఊహించుకోండి. పైగా జెర్సీ పట్టుకుని లాగితే పెనాల్టీ, 10 గజాలు వెనక్కి. చేతులతో తొయ్యొచ్చు కానీ పట్టుకుని ఆపకూడదు. ఇదంతా రెండు మూడు సెకన్ల పని. ఆ మూడు సెకన్లు ఆపితే ఎవరూ చప్పట్లు కొట్టరు. ఒక్కసారి తప్పితే మాత్రం రీప్లే పది యాంగిల్స్‌లో వస్తుంది. క్రికెట్‌లో వికెట్ కీపర్ రోజంతా వంగి లేచి పట్టిన బంతులు ఎవడూ లెక్కపెట్టడు, వదిలేసిన ఒక్క క్యాచ్ మాత్రం ఏళ్ళ తరబడి యూట్యూబ్‌లో తిరుగుతుంది. అలాంటిదే ఇదీ.

జో థామస్‌ది విస్కాన్సిన్ రాష్ట్రం. ఆరడుగుల ఆరంగుళాలు, 141 కిలోలు. 2007 ఏప్రిల్ 28న న్యూయార్క్‌లో డ్రాఫ్ట్ జరిగింది. డ్రాఫ్ట్ అంటే కాలేజీ కుర్రాళ్ళని ప్రొఫెషనల్ టీమ్‌లు వరసగా ఎంచుకునే రోజు. కుర్రాళ్ళు సూట్లేసుకుని స్టేజీ ఎక్కుతారు, దేశమంతా టీవీలో చూస్తుంది. జోని కూడా పిలిచారు. అతను వెళ్ళలేదు. వాళ్ళ నాన్నతో కలిసి మిషిగన్ సరస్సులో చేపలు పట్టడానికి పోయాడు. మూడో పేరుగా క్లీవ్‌ల్యాండ్ బ్రౌన్స్ అతన్ని ఎంచుకున్నప్పుడు పడవలో ఉన్నాడు. మనిషి ఎలాంటివాడో ఇక్కడే తెలిసిపోతుంది.

మొదటి సీజన్ బాగానే పోయింది. బ్రౌన్స్ 10 గెలిచి 6 ఓడారు. అయినా చిన్న తేడాతో ప్లేఆఫ్స్‌కి వెళ్ళలేకపోయారు. సరే, వచ్చే ఏడాది చూద్దాం అనుకున్నారు. ఆ వచ్చే ఏడాది రానే లేదు. 4 గెలుపులు, 5 గెలుపులు, మళ్ళీ 5, మళ్ళీ 4... ఇలా సాగింది వరస. 2016లో 16 మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలిచారు. 2017లో అదీ లేదు, 16కి 16 ఓటములు. జో టీమ్‌లో ఉన్న 11 సీజన్లూ కలిపితే 48 గెలుపులు, 128 ఓటములు. ఆరుగురు హెడ్ కోచ్‌లు మారారు. క్వార్టర్‌బ్యాక్‌గా మ్యాచ్ మొదలుపెట్టినవాళ్ళు 20 మంది! అంటే ఇతను కాపాడాల్సిన మనిషే ఇరవైసార్లు మారిపోయాడు. కాపాడేవాడు మాత్రం మారలేదు.

ఇప్పుడు ఆ స్నాప్ దగ్గరికి వద్దాం. మొదటి మ్యాచ్ మొదటి స్నాప్ నుంచి జో ఒక్కదానికి కూడా బయట కూర్చోలేదు. ఒక్క మ్యాచ్ కూడా కాదండీ, ఒక్క స్నాప్! కాలు బెణికితే ఒక ఆట మానేద్దాం, టీమ్ ఎలాగూ ఓడిపోతోంది కదా, చివరి అయిదు నిమిషాలు కూర్చుందాం... అవేమీ లేవు. అలా 10,363 స్నాప్‌లు వరసగా ఆడాడు. లీగ్‌లో ఈ లెక్కలు రాయడం 1999లో మొదలైంది, అప్పట్నుంచి ఇంత పొడవైన వరస ఇంకెవరికీ నమోదు కాలేదు. నేను కూర్చుని ఒక లెక్క వేశా. ఒక్కో స్నాప్‌కి అయిదు సెకన్లు అనుకుంటే, మొత్తం కలిపి దాదాపు 14 గంటలు. పదేళ్ళ ఉద్యోగం, అసలు పని 14 గంటలు! కానీ ఆ 14 గంటల్లో ప్రతి అయిదు సెకన్లకీ ఒకసారి ఎవడో ఒకడు ఒంటి మీదకొచ్చి గుద్దుతుంటాడు. అది మర్చిపోకండి.

మరి వదిలేసి వెళ్ళొచ్చుగా? ఇది అందరూ అడిగే ప్రశ్నే. డబ్బు లేదని కాదు. 2011లో 8 కోట్ల 40 లక్షల డాలర్లకి ఏడేళ్ళ కాంట్రాక్ట్ రాసిచ్చారు. కానీ 2015 నవంబర్‌లో ఒక సంగతి జరిగింది. డెన్వర్ బ్రాంకోస్ టీమ్ జోని కావాలని అడిగింది. ట్రేడ్‌కి ఆఖరి రోజు దాకా బేరం నడిచింది, తెగలేదు. మూడు నెలల తర్వాత ఏమైందో తెలుసా? డెన్వర్ సూపర్ బౌల్ గెలిచింది. ఆ సీజన్ క్లీవ్‌ల్యాండ్ గెలిచినవి మూడు. జో మాత్రం ఈ టీమ్ బాగుపడే రోజున నేనూ ఇక్కడే ఉండాలి అనే మాట మీదే ఉన్నాడు. దీన్ని విశ్వాసం అనేవాళ్ళున్నారు, పిచ్చితనం అనేవాళ్ళూ ఉన్నారు. నాకైతే రెండూ కాదనిపిస్తుంది. వాడికి ఆ పని ఇష్టం. స్కోర్‌బోర్డ్ ఏం చూపించినా ఎదురుగా ఉన్నవాడిని ఆపడం అనే పని ప్రతి స్నాప్‌కీ కొత్తగా మొదలవుతుంది. మొదటి పది సీజన్లూ వరసగా ప్రో బౌల్‌కి, అంటే ఆల్‌స్టార్ మ్యాచ్‌కి, ఎంపికయ్యాడు. ఓడిపోయే టీమ్‌లో ఉండి మరీ.

2017 అక్టోబర్ 22. టెనెస్సీ టైటన్స్‌తో మ్యాచ్. ఎడమ చేతి ట్రైసెప్స్ కండ తెగిపోయింది. అక్కడితో లెక్క ఆగింది. అప్పటికి 167 మ్యాచ్‌లు ఆడాడు. 2018 మార్చిలో రిటైరయ్యాడు. ఒక్క ప్లేఆఫ్ మ్యాచ్ కూడా ఆడకుండానే.

శరీరం మాత్రం బిల్లు పంపింది. మోకాళ్ళు అరిగిపోయాయి. ఆడుతున్న రోజుల్లోనే మతిమరుపు మొదలైందని పబ్లిక్‌గా చెప్పాడు. తల మీద అన్నేళ్ళు పడ్డ దెబ్బలు మరి. ఇక బరువు. ఆ 141 కిలోలు ఊరికే ఉండవు, తిని తిని నిలబెట్టుకోవాలి. ఆట ఆపాక దాదాపు 22 కిలోలు తగ్గాడు. ముందు, తర్వాత ఫొటోలు పక్కపక్కన పెట్టి చూడండి, అన్నదమ్ములు అనుకుంటారు. 2023లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి అర్హత వచ్చిన మొదటి ఏడాదే ఎంపికైపోయాడు.

అతను ఎదురుచూసిన రోజూ వచ్చింది. కాకపోతే లేటుగా. బ్రౌన్స్ ప్లేఆఫ్స్‌కి వెళ్ళింది జో రిటైరయ్యాక మూడో సీజన్‌లో. దానికంటే ముందు ఇంకొక రాత్రి ఉంది. 2018 సెప్టెంబర్ 20, న్యూయార్క్ జెట్స్‌తో మ్యాచ్. హాఫ్‌టైమ్‌లో జోని గ్రౌండ్‌లోకి పిలిచి సన్మానం చేశారు. టీమ్ గొప్పవాళ్ళ పేర్లుండే వరసలో స్టేడియంలో ఒక అంకె పెట్టారు: 10,363. అప్పటికి బ్రౌన్స్ ఒక్క మ్యాచ్ గెలిచి 635 రోజులైంది. ఊళ్ళో బార్‌లలో ఒక బీర్ కంపెనీ ఫ్రిజ్‌లు పెట్టి తాళాలేసి ఉంచింది, బ్రౌన్స్ ఎప్పుడు గెలిస్తే అప్పుడే తెరుచుకుంటాయి, బీర్ ఫ్రీ అని. ఆ రాత్రి బ్రౌన్స్ 21-17తో గెలిచారు. ఫ్రిజ్‌లు తెరుచుకున్నాయి.